షావుకారుగారి గడ్డం

మామిడికాయల షావుకారు శ్రీమన్నారాయణగారు ఎదుటి మనిషి కళ్లలోకి చూసి మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన చూపు తిన్నగా గడ్డం మీదికే వెళ్లేది. అక్కడ రెండ్రోజుల మాపు కనిపించిందా, ఆ మనిషితో మాట అక్కడితో సరి.

ఎనభై మూడులో నేను నూజివీడు కాలేజీలో లెక్చరరుగా చేరి, ఆయన ఇంటి ముందు వాటా అద్దెకి అడగడానికి వెళ్లాను. అప్పట్లో నాకు గడ్డం ఉండేది. చదువుకున్న కుర్రాళ్లకి అది ఇంకో డిగ్రీ లాంటిది. ఆయన నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు.

"ఎవరన్నా పోయారా?" అన్నారు.

"లేదండీ."

"తిరపతి మొక్కా?"

"కాదండీ. ఊరికే పెంచాను."

"ఊరికే పెంచడానికి అదేమన్నా తోటా? తీయించుకు రండి మాష్టారూ. వాటా సంగతి అప్పుడు మాట్లాడుకుందాం."

తీయించుకునే వెళ్లాను. ఆయన వేళ్ల వెనకవైపుతో నా చెంప నిమిరి, బంగినపల్లి కాయని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, తాళంచెవి చేతిలో పెట్టారు.

సీజన్‌లో ఆయన కొట్టు దగ్గర తమాషా చూడాలి. జి. కొండూరు నుంచి రత్నబాబు అనే రైతు రాత్రంతా బండి తోలుకుని చిన్నరసాలు తెచ్చాడు. షావుకారుగారు కాయ ముట్టుకోలేదు.

"నీ మొహం చీకి పారేసిన టెంకలా ఉందయ్యా. ముందు ఆ పీచు తీయించు. ధర తర్వాత చెప్తాను."

"కాయ అమ్ముకోడానికి వచ్చానా, పెళ్లిచూపులకి వచ్చానా అండీ?"

"కూర్చో. శ్రీరాములు ఇక్కడే ఉన్నాడు."

శ్రీరాములు ఆయన ఆస్థాన మంగలి. షావుకారుగారి పెళ్లినాడు మొదటిసారి ఆయన గడ్డానికి కత్తి పెట్టాడట. అప్పట్నించీ రోజూ తెల్లవారుజామునే వచ్చేవాడు. మంగళ, శుక్రవారాలు కూడా నాగా లేదు.

"మంగళవారం క్షవరమేంటండీ, అరిష్టం," అని భార్య తులసమ్మగారు పోరేది.

"సూర్యుడు రాలేదుగా. మనకింకా సోమవారమే," అనేవారాయన, నురగలోంచి.

ఆ రోజుల్లోనే ఊళ్లోకి గిర్రున తిరిగే కుర్చీల సెలూన్లు వచ్చాయి. పెద్దవాళ్లు అక్కడ గీయించుకోవడం మొదలుపెట్టారు. కుర్రాళ్లు అక్కడికెళ్లి గీయించుకోవడం మానేసి, గడ్డాలకి రకరకాల కత్తిరింపులు వేయించుకునేవారు. శ్రీరాములు వెళ్లే ఇళ్లు ఒక్కొక్కటే తగ్గి, చివరికి ఈ ఒక్క ఇల్లు మిగిలింది.

అలాంటి షావుకారుగారు ఎనభై ఆరు దసరా తర్వాత గడ్డం పెంచడం మొదలెట్టారు.

ఊరు ఊరంతా నోరు తెరుచుకుని చూసింది. అడిగినవాళ్లకి అడిగినన్ని జవాబులు చెప్పారాయన. తోటి వ్యాపారులతో "సొన పడి చర్మం పొక్కింది" అన్నారు. నవంబరులో సొన ఎక్కడిదో వాళ్లకి అర్థం కాలేదు. బాపులపాడు బావమరిదితో బ్లేళ్లలో నాణ్యం పోయిందన్నారు. ఆయన మొహానికి బ్లేడు తగిలిందే లేదు. నాతో, "మీ చదువులో కొంతన్నా అబ్బుతుందేమోనని మాష్టారూ," అన్నారు. సెలూన్ కుర్రాళ్లు మాత్రం పాపం ముసలాయనకి లవ్ ఫెయిల్యూర్ అని తేల్చేశారు.

విచిత్రమేంటంటే శ్రీరాములు రావడం మానలేదు. రోజూ అదే వేళకి వచ్చి, ఆ గడ్డానికి కొబ్బరినూనె రాసి, అరగంట సేపు దువ్వి వెళ్లేవాడు.

తులసమ్మగారికి మాత్రం ఇది నవ్వులాట కాలేదు. మాఘమాసంలో షావుకారుగారి షష్టిపూర్తి. తులసమ్మ మెళ్లో మళ్లీ తాళి కట్టాలని ఆయన ఏడాది ముందునించీ ముచ్చటపడుతున్నారు. ఉంగుటూరు దాకా అందరికీ పిలుపులు వెళ్లిపోయాయి.

"నలభై ఏళ్ల కిందట నున్నటి మొహం చూసి చేసుకున్నాను. ఈ సన్యాసి ఎవరో నాకు తెలీదు. ఆ బొచ్చు తీయకపోతే పీటల మీద కూర్చోను," అందావిడ.

"ఒక్కణ్ణే కూర్చుని ఎవరికి కట్టనే తాళి?"

"ఆ గడ్డానికే కట్టుకోండి."

ముహూర్తం గురువారం. బుధవారం పొద్దున ఆవిడే కబురు చేసి శ్రీరాముల్ని కత్తితో రమ్మంది. పెరట్లో పీట వేయించింది. షావుకారుగారు ఆవిడవంకా, శ్రీరాములువంకా చూసి, కూర్చుని తల ఎత్తి కళ్లు మూసుకున్నారు.

నేను పెరటి అరుగు మీద పుస్తకంతో ఉన్నాను. శ్రీరాములు కత్తి తీశాడు. దాని మీద పడిన ఎండ ఎదురుగోడ మీద గంతులేసింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాడు. గంతులు ఆగలేదు.

కాఫీ తెస్తున్న తులసమ్మగారు గోడని చూసి, అతని చేతిని చూసి, మెడ చాపుకుని కూర్చున్న మొగుణ్ణి చూసింది.

"ఆగు శ్రీరాములూ. నా మతి మండా, మర్చేపోయాను. ఆ గడ్డం నా మొక్కు."

షావుకారుగారు ఒక కన్ను తెరిచారు. "నువ్వెప్పుడు మొక్కావే?"

"మీకు చెప్తే ఫలించదు. కూర్చోండి. నూనె రాసి దువ్వు శ్రీరాములూ, చాలు."

"మంచి మొక్కు మొక్కారమ్మా," అన్నాడు శ్రీరాములు. కత్తి మడిచి పెట్టెలో పెట్టడానికి అతను మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

అతను వెళ్లాక తులసమ్మగారు మొగుడి దగ్గరికి వచ్చింది. "ముందే నాకు చెప్పొచ్చుగా?"

"ఏం చెప్పను? సెలూన్‌కి వెళ్తే ఊరంతటికీ తెలుస్తుంది. నేనే గీసుకుంటే వాడికి తెలుస్తుంది. పెంచుకుంటే ఎవరికీ తెలీదనుకున్నాను. ఈ గుమ్మం కూడా మూసేస్తే వాడు పొద్దున్నే లేచి ఎక్కడికెళ్తాడే?"

ఆవిడ చల్లారిన కాఫీ పట్టుకెళ్లి వెచ్చబెట్టి తెచ్చింది.

గురువారం ఆవిడ పీటల మీద కూర్చుంది. బంధువులందరూ ఆ గడ్డానికే గురి చూసి అక్షింతలు వేశారు. తాళి కట్టేవేళకి ఆయన మొహం వరిమడిలా ఉంది.

మర్నాడు శ్రీరాములు వచ్చి ఆ గింజలు ఏరడానికి కూర్చున్నాడు. వణికే వేళ్లకి ఒక్కొక్కటే చిక్కుతోంది. పది దాటినా పని తెమల్లేదు.

"తొందరేం లేదు, మెల్లిగా ఏరు," అన్నారు షావుకారుగారు, కదలకుండా.

తులసమ్మగారు ఇద్దరికీ రెండోసారి కాఫీ తెచ్చింది. ఆయన గడ్డాన్ని పరకాయించి చూసి, "అయిపోవచ్చినట్టుంది శ్రీరాములూ, ఇంకో గుప్పెడు వెయ్యనా?" అంది.