పాతర గోడకంటిన జొన్నలు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పక్క పల్లెకు నేను కోడలిగా వచ్చింది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు. వచ్చి పక్షం తిరగకముందే మా మామ ప్రాణంగా చూసుకునే తెల్లెద్దు మేత మానేసింది. ఇంకేముంది, నా కాలు మంచిది కాదన్నారు.

ఎద్దు నోట చొంగ కారేది. నెమరు లేదు. లేపి నిలబెడితే వెనక కాళ్లు తడబడేవి. దిష్టి తీశారు, పొట్టకు వాతలు పెట్టారు. ముంగారు వానలు ఏ పొద్దైనా పడేలా ఉన్నాయి. ఒంటెద్దుతో గుంటక తోలి నేల సిద్ధం చేయలేరు, నేల పదును తప్పితే ఆ ఏడు విత్తనం లేనట్టే. మామ అన్నం ముందు కూర్చుని ముద్ద దిగక లేచిపోయేవాడు. ఆయన్ను చూస్తే నాకు జాలేసేది. అత్తను చూస్తే మాత్రం ఒళ్లు మండేది.

"కొట్టం పక్కకు రావాకు మే. నువ్వొచ్చినకాడ్నించే ఇట్లయింది" అంది మొహమ్మీదే.

పుట్టింట్లో నన్ను గయ్యాళి అన్నది ఊరికే కాదు. అయినా కొత్త కోడల్ని కదా అని పళ్లు బిగబట్టుకుని ఊరుకున్నాను. ఓ పొద్దున పక్కింటామె ఎద్దును పరామర్శించడానికని వచ్చి, ఎద్దును వదిలేసి, వాకిట్లో ఉన్న నా పాదాల వంక చూస్తూ నిలబడింది. ఇక నా వల్ల కాలేదు, అత్త వైపు తిరిగాను.

"అత్తా, పక్కనే కట్టేసిన ఎర్రెద్దు నా కాలు చూళ్లేదా? అదెట్ల చొప్ప నములుతాంది? నా కాలు తెల్లెద్దును ఒక్కదాన్నే పట్టుకొనిందా?"

"అమ్మమ్మా, ఏం నోరే తల్లీ!" అని పక్కింటామె బుగ్గలు నొక్కుకుంది. ఎద్దు మీద ఈగలు తోలుతున్న మామ మాత్రం చెయ్యి ఆపేశాడు.

"రెండూ తినేది ఒకటే చొప్ప, తాగేది ఒకటే నీళ్లు" అన్నాడు మెల్లగా. "దీనికి అంబలి గదా పోస్తాండేది."

మా వాకిట్లో నేల తవ్విన పాతరలో జొన్నలు దాచేవాళ్లు. తీసినప్పుడు నడిమి జొన్నలు మనుషులకు. గోడకంటుకుని తేమకు గడ్డకట్టి బూజు పట్టినవి పశువులకు. గింజను పారేయకూడదని ఊరంతా అదే పద్ధతి. నా పెళ్లి వంటలకని ఆ పాతర తీశారు. కిందటేడు వాన నీళ్లు లోపలికి దిగి, గడ్డలు చాలానే వచ్చాయి. వాటిని ఉడికించి అంబలి చేసి మామ తెల్లెద్దుకు మాత్రమే పోసేవాడు, ముద్దు దానిమీదే కాబట్టి. పాపం, అది నీరసపడిందని ఇంకాస్త ఎక్కువ పోశాడు కూడా.

"ఉడికిస్తే బూజు పోతాదనుకుంటినే!" అని నెత్తి కొట్టుకున్నాడు. అంబలి కుండ తీసుకెళ్లి దిబ్బలో బోర్లించి, పైన మట్టి కప్పి వచ్చాడు.

ఆపైన తెల్లెద్దుకు మంచి చొప్ప, నీళ్లే. మా అదృష్టం కొద్దీ వానలు ఆలస్యమయ్యాయి. ముందు చొంగ తగ్గింది. తర్వాత ఓ తెల్లవారుజామున కొట్టంలోంచి మామ కేక వినిపించింది.

"ఒమే, నెమరేస్తాంది! నెమరేస్తాంది, రాండి!"

అందరం పరుగెత్తాం. రావద్దన్న మాట నాకూ గుర్తులేదు, అత్తకూ గుర్తులేదు. అది తీరిగ్గా దవడలాడిస్తుంటే మామ దాని మెడ పట్టుకుని ఏడ్చాడు. అమ్మయ్య అనుకుని నేను కొట్టం గుంజకు ఆనుకున్నాను.

వాన పడింది. ఎద్దు కొంచెం చిక్కినా కాడి కిందికి తల తనే వంచింది. ఎద్దులు బయల్దేరేటప్పుడు మంచి శకునానికి ఇంటి ఆడమనిషి నీళ్ల బిందెతో ఎదురు రావాలి. ఎప్పుడూ వచ్చేది మా అత్తే. ఆ పొద్దున ఆమె నిండు బిందె తెచ్చి నా చంకన పెట్టింది.

"పో మే. ఈసారి నువ్వే ఎదురు రా."

కళ్లలో నీళ్లు తిరిగాయి. బిందె దించి, ముందు లోపలికెళ్లి, పాదాలకు చీలమండల దాకా పసుపు రాసుకున్నాను. అప్పుడు బిందె ఎత్తుకుని, పక్కింటి వాకిలి ముందునుంచి మెల్లగా నడిచి వచ్చాను.