బంకరులో మిషను తొక్కినవాడు

మేం సరిహద్దు సైనిక పోస్టు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. డెబ్బైలలో ఒక నవంబరు. లడఖ్ వైపు, చెట్టన్నది లేని ఎత్తు. ఆఖరి గంట నడకలో నాలుగడుగులకొకసారి ఆగి ఊపిరి తీసుకున్నాం. రాళ్లు పేర్చి, పైన రేకులు పరచి, చుట్టూ ఇసుక మూటలు పెట్టిన బంకరు. నిలబడితే నా తల రేకుకు తగిలేది. ఉన్నది నలుగురం: హవల్దారు, వంటవాడు, రేడియో ఆపరేటరు, నాయక్ హోదాలో నేను. మధ్యలో కిరోసిన్ పొయ్యి. దాన్ని బుఖారీ అనేవాళ్లం.

ఆపరేటరు మస్తాన్‌ది తిరువూరు. బజారులో వాళ్ల నాన్నది టైలరు కొట్టు. మాది వినగడప. మా ఇంట్లో చొక్కాలన్నీ ఆ కొట్లోనే కుట్టించేవాళ్లం. సెలవు అయిపోయి ఇద్దరం బస్సెక్కుతుంటే వాళ్లమ్మ నాతో, "వీడికి చలి పడదు నాయనా, కాస్త చూస్తుండు" అంది. చూస్తానన్నాను.

మొదటి సాయంత్రమే హవల్దారు ఆర్డరిచ్చాడు. "మంచు పడ్డాక బయట తిరగడం ఉండదు. కదలనివాడికి ముందు పాదాలు పోతాయి. గంటకొకసారి డ్రిల్. జ్వరమొచ్చినా సరే. ముందు తడి మేజోళ్లు విప్పి పొడివి తొడగాలి."

దానికి ఏ సామానూ అక్కర్లేదు. మనిషి నిలబడే చోటు చాలు. ఉన్నచోటే మోకాళ్లు ఛాతీదాకా ఎత్తడం. గుంజీలు. గోడకు అరచేతులు ఆనించి ఒంటిని ముందుకూ వెనక్కూ నెట్టడం. చివర రేషను పెట్టె మీద కూర్చుని మడమలు పైకి, కిందికి. చోటు ఇరుకు కాబట్టి వంతులవారీగా చేసేవాళ్లం.

"బళ్లో మాస్టారు గుంజీలు తీయించాడు, ఇక్కడ హవల్దారు తీయిస్తున్నాడు. నేనేం తప్పు చేశానో ఇద్దరూ చెప్పరే?" అనేవాడు మస్తాన్. మడమల డ్రిల్లుకి మాత్రం వాడే అందరికంటే ముందు కూర్చునేవాడు. దానికి 'మిషను తొక్కడం' అని పేరు పెట్టాడు. చేతులతో లేని గుడ్డను ముందుకు తోస్తూ, "ఇదిగో అన్నా, నీ చొక్కా అయిపోయింది. గుండీలు నువ్వే కుట్టుకో" అనేవాడు. సర్వీసు అయ్యాక కొట్లో రెండో మిషను వేసుకోవాలని వాడి ఆశ.

డిసెంబరులో హవల్దారు రేషను కోసం కింది పోస్టుకి దిగాడు. దిగుతూ, "డ్రిల్ బాధ్యత నీది" అన్నాడు. ఆ సాయంత్రమే తుఫాను దారి మూసేసింది.

మర్నాడు పొద్దున గాలికి రేడియో ఏరియల్ తీగ పడిపోయింది. మస్తాన్ మోకాలి లోతు మంచులో గంటసేపు నిలబడి కట్టొచ్చాడు. వచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది. "కాళ్లు మొద్దుబారాయన్నా. ఇవాళ మిషను తొక్కలేను. పడుకోనీ" అన్నాడు.

మా వైపు జ్వరం వచ్చినవాణ్ణి లేపరు. నిండా కప్పి పడుకోబెడతారు. చెమట పడితే తగ్గుతుందంటారు. నేనూ అదే చేశాను. రెండు కంబళ్లు కప్పాను. పాదాలు వెచ్చగా ఉంటాయని మేజోళ్ల మీదే ఉన్ని పట్టీలు బిగించి చుట్టాను. లోపలి మేజోళ్లు తడిగా ఉన్నాయని తెలుసు. విప్పితే చలి తగులుతుందనుకున్నాను.

"జ్వరమొచ్చినా లేపమన్నాడు కదా సాబ్" అన్నాడు వంటవాడు.

"వాడు మా వైపువాడు. నాకు తెలుసులే" అన్నాను.

నేను కూడా బుఖారీ పక్కనుంచి లేవలేదు. దాన్ని జాలి అని చాలా ఏళ్లు అనుకున్నాను. అందులో సగం నా బద్ధకం.

నాలుగు గంటలకు రేడియోలో హవల్దారు గొంతు. "డ్రిల్ అయిందా? ఓవర్."

"అయింది సాబ్. ఓవర్" అన్నాను.

తెల్లవారాక పట్టీలు విప్పాను. పాదాలు మైనంలా పాలిపోయి, గట్టిగా ఉన్నాయి. బొటనవేలు నొక్కి, "నొప్పిగా ఉందా?" అన్నాను.

"ఎక్కడ నొక్కుతున్నావన్నా?" అన్నాడు.

రేడియోలో హెలికాప్టరు అడిగాను. "వాతావరణం బాగాలేదు. ఆగండి. ఓవర్." మధ్యాహ్నం అదే జవాబు. మర్నాడూ అదే. ఏం చేయాలో తోచక వాడి మడమలు నా చేతుల్లోకి తీసుకుని పైకి, కిందికి ఆడించాను. మొన్న చేయించాల్సిన డ్రిల్లు. గడ్డకట్టిన పాదాలను అలా కదపడమూ తప్పేనని తరవాత డాక్టరు చెప్పాడు.

"ఇప్పుడు నువ్వు తొక్కుతున్నావా? కుట్టు వంకరపోతుందన్నా" అని నవ్వాడు మస్తాన్. తరవాత మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

వేళ్లు నల్లబడ్డాక గానీ ఆకాశం తెరిపియ్యలేదు. హెలికాప్టరు వాణ్ణి తీసుకుపోయింది. ఆసుపత్రిలో రెండు పాదాలూ తీసేశారు. హవల్దారు తిరిగొచ్చి నన్ను ఒక్క మాటే అడిగాడు. "అయిందన్నావు కదా?"

సర్వీసు అయ్యాక తిరువూరులోనే ఇల్లు కట్టుకున్నాను. ఇప్పటికీ రోజూ పొద్దున గోడ దగ్గర ఆ డ్రిల్లు చేస్తాను. వీధిలో కుర్రాళ్లు ఆగి, "జిమ్ముకెళ్లకుండా ఇంత గట్టిగా ఎలా ఉన్నారండీ?" అంటారు. గోడ చాలు, పెట్టె చాలు, మానకుండా చేయాలి, అంటాను. మానితే ఏమవుతుందో చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మస్తాన్ పాదాలు పోయిన మరుసటి ఎండాకాలం, సెలవులో తిరువూరు బస్టాండులో దిగి నేరుగా కొట్టుకి వెళ్లాను. నిజం చెప్పాలనే వెళ్లాను. మస్తాన్ మిషను ముందు కూర్చుని ఉన్నాడు. కట్టుకున్న లుంగీ మోకాళ్ల కింద మడిచి ఉంది. "రా అన్నా! మిషను ఆగలేదు, చూడు" అన్నాడు.

వాళ్లమ్మ మిషను కింద నేలమీద కూర్చుని ఉంది. "ఎండన పడొచ్చావు, కూర్చో నాయనా. వాణ్ణి దగ్గరుండి చూసుకున్నావంట" అంది. నేను నిలబడే ఉన్నాను.

"అమ్మా, మెల్లిగా. కాలరు కుడుతున్నా" అన్నాడు మస్తాన్.

ఆవిడ కొంగుతో చెమట తుడుచుకుని, రెండు అరచేతులూ మళ్లీ ఇనప పెడలు మీద పెట్టింది. పైకి, కిందికి. పైకి, కిందికి.