నాన్న ఇంకా వెళ్ళలేదు

ఈ పొద్దున మా ఆఫీసు వరండాలో ఫినాయిల్ వాసన తగలగానే గోడ పట్టుకుని ఆగిపోయాను. పరాయి రాష్ట్రంలో మన తెలుగువాళ్ళుండే పూరీ గేట్ రైల్వే క్వార్టర్లలో నాతో పెరిగినవాళ్ళకి గుర్తుందా, నేను ఉన్నట్టుండి ఆటల్లోకి రావడం మానేసిన ఏడాది? పుట్టుకతోనే చూపులేని నన్ను నాన్న అంధుల హాస్టల్ బడిలో చేర్చిన ఏడాది అది.

అక్కడ ఇదే వాసన. మన ఇళ్ళలో ఎప్పుడూ వినపడే ఇంజన్ కూత లేదు, తెలుగు మాట లేదు. రైలింజన్ల గ్రీజు వాసనేసే నాన్న చొక్కా పట్టుకుని వదలకపోతే, హాస్టల్ ఆయా దీదీ నా వేళ్ళు మెల్లగా విడదీసింది.

"ఎల్లొస్తానమ్మా, ఏడవకు," అన్నాడు నాన్న. చెప్పుల చప్పుడు దూరమై ఆగిపోయింది. నేను గోడకి అంటుకుని వణికిపోయాను. కాసేపటికి తలుపు దగ్గర గ్రీజు వాసన, ఎవరిదో ఊపిరి.

"నాన్నా, నువ్వింకా ఎల్లనేదా?"

"నీకెలాగ తెలిసినాదే తల్లీ?" అంటూ నన్ను హత్తుకుని బావురుమన్నాడు. చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగొచ్చాడట. దేనికీ భయపడడనుకున్న నాన్న నాకంటే ఎక్కువ వణుకుతున్నాడు. దాంతో నా భయం రెట్టింపైంది.

"బండి ఎల్లిపోతాది, ఎల్లు నాన్నా," అన్నాను.

ఆయన చెప్పుల చప్పుడు హాస్టల్ గేటు దాటేదాకా ఏడుపు ఆపుకున్నాను.