ఎర్ర జెండా వెనక అమెరికా

అమెరికా సినిమాల విషయంలో నేను ఛాందసుణ్ణే. ఆ మాట ఎవరన్నా నేను ఉడుక్కోను. ఇప్పటి వాటిలో నోరు తెరిస్తే బూతు, తలుపు తెరిస్తే పడకగది. హీరో ఎవడో, విలన్ ఎవడో తేల్చుకునేసరికి సినిమా అయిపోతుంది. కొడుకు తండ్రిని వెటకారం చేస్తే అది హాస్యం. ఇక ఆకాశంలో ఎగిరే వీరులున్నారు. వాళ్లు ఊళ్లకు ఊళ్లు కూలగొట్టి, లోకాన్ని కాపాడామని చెప్పి వెళ్లిపోతారు. ఆ రాళ్లూ రప్పలూ ఎవరు ఎత్తుతారో, ఆ వంతెన మీద మళ్లీ బండి ఎప్పుడు నడుస్తుందో ఎవరూ చూపించరు. గూడ్సు బండి గార్డుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, నాకు ముందు ఆ బెంగే పట్టుకుంటుంది.

పాత సినిమాలు అలా కాదని నా వాదన. అవి చూసింది ఇక్కడే, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో. మా నాన్న కూడా గార్డే. మా క్వార్టరుకి దగ్గర్లో ఇన్‌స్టిట్యూట్ హాలు, అంటే రైల్వే ఉద్యోగుల క్లబ్బు, ఉండేది. అప్పుడప్పుడు ఆదివారం మధ్యాహ్నం అక్కడ అమెరికా సినిమా వేసేవారు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, ముందు జంపఖానా మీద పిల్లల్నీ, వెనక కుర్చీల్లో పెద్దల్నీ కూర్చోబెట్టేవారు. ఆ ఇంగ్లీషు మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. గుర్రాలు పరిగెత్తేవి, తుపాకులు పేలేవి, అంతే చాలు.

ఆ హాల్లో నాన్నకు ఒక డ్యూటీ ఉండేది. ప్రొజెక్టరు పక్కన స్టూలు వేసుకుని, ఒళ్లో తన జెండాలు పెట్టుకుని కూర్చునేవారు. ఆపరేటరు ఆ సినిమాని ముందే చూసి ఉండేవాడు. తెర మీద ఆడా మగా మరీ దగ్గరవుతున్నారంటే నాన్నను మోచేత్తో పొడిచేవాడు. నాన్న ఎర్ర జెండా విప్పి ప్రొజెక్టరు అద్దం ముందు పట్టేవారు. తెరంతా కుంకం రంగుకి తిరిగిపోయేది. "సిగ్నల్ పడలేదర్రా" అని వెనక నుంచి ఎవరో అనేవారు, హాలంతా నవ్వేది. కాసేపటికి జెండా దిగేది, కథ కదిలేది. అన్ని ఊళ్లలోనూ సినిమా ఇలాగే వేస్తారనుకునేవాణ్ణి.

వాటిలో ఒక సినిమా అంటే నాకు ప్రాణం. ఎక్కణ్ణుంచో వచ్చిన ఒక గుర్రపురౌతు, పొలంలో ఒంటరిగా ఉండే ఒక అమ్మాయి, ఆ పొలం కాజేయాలని చూసే ఒక దుర్మార్గుడు. అందులో వాళ్లు అన్నానికి ముందు తల వంచి దణ్ణం పెట్టుకునేవారు. రౌతు ఆడవాళ్ల ముందు టోపీ తీసేవాడు. ఇంటికి నడిచొస్తూ, ఆ అమ్మాయి అతనికి ఏమవుతుందని నాన్నను అడిగాను.

"ఆడి సెల్లెల్రా. సెల్లెలికి కష్టమొస్తే అన్న రాడేటి?" అన్నారు.

నాకూ ఒక చెల్లెలుంది. ఆ రౌతు మీద అభిమానం రెండింతలైంది.

ఈ కథని మా మనవరాలికి చెప్పీ చెప్పీ అరగదీశాను. అది ఇప్పుడు పదకొండో తరగతి. ఇదే ఊళ్లో రాజ్‌కిశోర్ నగర్‌లో మా ఇంట్లో కింద మేము, మేడ మీద మా అబ్బాయి కుటుంబం. శనివారం సాయంత్రం అది కిందికి రావడం, నేనూ అదీ కలిసి టీవీలో ఒక అమెరికా సినిమా చూడటం, మా ఆవిడ పకోడీలు వేయడం. దాని చిన్నతనంలో బొమ్మల సినిమాలతో మొదలైన అలవాటు ఇది. పిల్ల పెరిగింది, సినిమాలు మారాయి, రిమోట్ మాత్రం నా చేతిలోనే ఉండిపోయింది. ముద్దు వస్తే ముందుకి, బూతు వస్తే ముందుకి, ఒక్కోసారి కంగారులో మరీ ముందుకి. హత్య ఎవరు చేశారో తెలియకముందే జైలు తలుపు మూసుకుపోయేది.

ఓ శనివారం అది సగంలో లేచి నిలబడింది. "తాతా, నీతో చూస్తే స్టోరీ ఏటో సమఝ్ అవట్లేదు. నేను పైన ఫోన్లో చూసుకుంటాను" అని మేడెక్కిపోయింది.

తర్వాతి శనివారం రాలేదు. పకోడీలు పైకే వెళ్లాయి. నేను ఒక్కణ్ణే కూర్చుని వార్తలు చూశాను. బాధేసింది, దాచుకోవడం దేనికి? రేపో మాపో అది చదువుకని ఏ ఊరో వెళ్లిపోతుంది. మాకు మిగిలినవి ఈ కాసిని శనివారాలే. వాటిని కూడా నేను నా బొటనవేలితో ముందుకి నొక్కేసుకుంటున్నాను.

"ఏటండీ, ఆ రిమోట్‌తోనే కాపరం సేస్తారేటి?" అంది మా ఆవిడ.

మర్నాడు నేనే మేడెక్కి మనవరాలికి బేరం పెట్టాను. "నా పాత సినిమా వెతికి పెట్టు. దానికి రిమోట్ పనే ఉండదు. కావాలంటే నీ చేతిలోనే ఉంచుకో. మంచి సినిమా ఎలా ఉంటుందో చూద్దువుగాని."

"పక్కా?" అంది.

"పక్కా" అన్నాను.

శనివారం వచ్చింది, అదీ వచ్చింది. రిమోట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దణ్ణం పెట్టుకునే చోట దాని వైపు గర్వంగా చూశాను. రౌతూ, అతని చెల్లెలూ బావి దగ్గర నిలబడ్డారు. రౌతు టోపీ తీశాడు. చూశావా మర్యాద అనబోయాను. అతను టోపీ తీసింది మర్యాదకి కాదు, మొహానికి అడ్డొస్తోందని. తెర ఎర్రబడుతుందేమోనని చూశాను. ఎర్రబడలేదు.

"తాతా, సిస్టర్ కదా?" అంది మనవరాలు.

అది సోఫా మీంచి కింద పడి నవ్వింది. మా ఆవిడ చిల్లుల గరిటెతో వంటింట్లోంచి వచ్చి, "మావగారు మిమ్మల్ని బాగానే నమ్మించీసారు" అంది. నాకూ నవ్వు ఆగలేదు. ఇన్నేళ్లూ నేను పూజించిన సినిమాలో సగం అమెరికా వాళ్లు తీసింది, సగం మా నాన్న తీసింది.

అయినా నేను ఓడిపోలేదు. "ఆగు, ఇప్పుడు చూడు" అన్నాను. తెర మీద వాళ్లిద్దరినీ వదిలేసి కెమెరా పక్కకి తిరిగింది. కంచెకి కట్టేసిన గుర్రం గడ్డి మేస్తోంది. ఆ వెంటనే తెల్లారిపోయింది. "ఎక్కడ పక్కకి తిరగాలో వాళ్లకే తెలిసేది. ఇప్పుడు అదే పోయిందంటున్నాను."

"అచ్ఛా, అక్కడా ఒక గార్డు ఉన్నాడన్నమాట. ఈ పాయింట్ ఒప్పుకుంటాను" అంది మనవరాలు.

నా ఛాందసం ఎక్కడికీ పోలేదు. పిల్లల పక్కన కూర్చుని, ఇది వీళ్లకి తగునా అని చూసుకునే మనిషి ఒకరు ఉండాలనే ఇప్పటికీ అంటాను. కాకపోతే మా నాన్న జెండా పట్టినప్పుడు హాలంతా నవ్వింది, నేను రిమోట్ పడితే పిల్ల లేచి వెళ్లిపోయింది. ఆ తేడా నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

బేరం ఆ ఒక్క శనివారానికే. తర్వాతి వారం అది వస్తుందో రాదో తెలియక పొద్దుటి నుంచీ మెట్ల వైపే చూశాను. సాయంత్రం దిగి వచ్చింది, భుజాన ఎర్ర చున్నీతో. "కొత్త సినిమా. నేను నిన్ననే చూసేశాను. నువ్వు రిమోట్ ముట్టుకోవద్దు, గార్డు డ్యూటీ నాది" అంది.

సమయం వచ్చేసరికి లేచి, చేతులు బారజాపి టీవీ ముందు చున్నీ పట్టింది. మొహం నా వైపు తిప్పుకుని, మా నాన్నంత గంభీరంగా నిలబడింది.

"సిగ్నల్ పడలేదేటి?" అంది మా ఆవిడ.

ఆ చున్నీ బాగా పలచన. వెనక జరిగేదంతా శుభ్రంగా కనిపిస్తూనే ఉంది. ఛాందసుణ్ణి కదా, చెప్పాల్సింది. చెబితే చున్నీ దించేసి మళ్లీ మేడెక్కిపోతుందేమోనని, నోరు మూసుకుని కూర్చున్నాను.