జారీ అయిన పోచయ్య

కర్దనూరు పోచయ్యకు డెబ్బై నాలుగులో పటాన్‌చెరు దగ్గర ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో మాలి పని దొరికింది. దొరికిందంటే సగమే దొరికింది. టెంపరరీ. వద్దన్న రోజున గేటు బయటే. అయితే ఆ గేటుకూ ఆఫీసుకూ నడుమ ఉన్న నేల నిన్నమొన్నటిదాకా పోచయ్య జొన్న చెలక. చెలక ప్రహరీ లోపలికి పోయింది కాబట్టి తనూ ప్రహరీ లోపలే ఉండిపోవాలని ఆయన పట్టు.

మేనేజరు వెంకటేశ్వరరావు బెజవాడ వైపు మనిషి. పుష్యమాసం చివర్లో పోచయ్యను పిలిపించాడు.

“ఉగాదికి బొంబాయి నుంచి ఛైర్మన్ గారొస్తున్నారయ్యా. గేటు నుంచి ఇక్కడిదాకా పూలు విరగబూయాలి. పూయించావా, నిన్ను పర్మనెంటు చేసేస్తాను. లేదంటే ఇంకో మాలిని చూసుకుంటాను, ఏమనుకోకు.”

“సామాను గావాలె సార్.”

“స్టోర్సులో రాయించు. ఐదు రకాలకు మించొద్దు. ఆరోది కావాలంటే బొంబాయి సంతకం పడాలి. అదొచ్చేసరికి పై ఉగాది అవుతుంది.”

ఐదంటే ఏ ఐదు? ఆ సాయంత్రం పోచయ్య ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ వాకిట్లో పరిచి, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా వాటి చుట్టూ తిరిగాడు. భార్య సాయమ్మ చేట పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

“పార తప్పది,” అన్నాడు.

“తప్పది.”

“గైంతి గూడ, పొడిచి తవ్వనీకె. ఆడ మన మన్ను లేదే ఇప్పుడు. అంత కంకర, సిమెంటు పెడ్డలే.”

“సరె. మన్ను మొయ్యనీకె తట్ట. ఇంకేంది?”

“కొడవలి.”

“పూలు కోస్తవా, పూల మెడలు కోస్తవా?”

“గడ్డి కోస్తనే!”

ఐదోది మాత్రం సాయమ్మే తేల్చింది. “జారీ రాపియ్యి. చెంబుతోని గుమ్మరిస్తే మన్ను లేసిపోయి నారు పండుకుంటది. సన్నగ, చినుకు లెక్క పడాలె.” జారీ అంటే మూతికి జల్లెడలాంటి చిల్లులున్న నీళ్ల డబ్బా. సంగారెడ్డిలో ఎవరిదో బంగళా ముందర ఒకసారి చూసింది. అప్పటినుంచి దానిమీద ఆమెకు మనసు. విత్తనాలకు, ఎరువుకు రాయించే పనిలేదు. బతుకమ్మ నాటి బంతిపూలు ఎండబెట్టి మూటకట్టి పెట్టింది. పెంట ఇంట్లోనే ఉంది.

స్టోర్‌కీపరు బర్నబా అంతకుముందు ఇరవై ఏళ్లు తహసీలు కచ్చేరీలో నకళ్లు రాసిన మనిషి. రాసిన అక్షరం కొట్టేసి ఎరగడు. ఆదివారం ప్రార్థనకు బైబిలు ఎలా పట్టుకుపోతాడో, తక్కిన ఆరు రోజులూ రిజిస్టరును అలాగే గుండెకు ఆనించుకు తిరుగుతాడు. పోచయ్య చెప్పుకుంటూ పోయాడు, ఆయన ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోయాడు. పార. గైంతి. తట్ట. కొడవలి. జారీ. అంతలో అన్నం సైరన్ మోగింది. ఇద్దరూ లేచారు.

తిని వచ్చేసరికి కథ మారిపోయింది.

“సారూ, నా సామాను?”

“ఇచ్చిన గద పోచయ్యా.”

“ఎప్పుడిచ్చినవు?”

“గిదో, సూడు. పార, గైంతి, తట్ట, కొడవలి. కింద ఏమున్నది? జారీ.”

కచ్చేరీలో ఏ కాగితమైనా ఇచ్చేసినట్టు గుర్తు, దాని అడుగున రాసే ఆ మాటే. ఉర్దూ వాళ్ల నోట డబ్బా ఝారీ, ఇచ్చెయ్యడం జారీ. కర్దనూరు నాలుక మీదికి వచ్చేసరికి రెండూ ఒకటే.

“గదే సారూ, జారీ గావాలె.”

“అయిపోయింది.”

“ఏడయింది? నా చేతికి రాకపాయె!”

“చేతికి వచ్చుడు నీ ఇష్టం. రాత నాది. ఇగ శనివారం శనివారం పొద్దుమూకే యాళ్లకు నాలుగూ తెచ్చి నా ముందట పెట్టాలె. లేకుంటె పోయినట్టు రాస్త.”

“పోయినట్టు రాస్తె?”

“నువ్వు గూడ పోయినట్టే.”

పోచయ్య చేసేదిలేక శనివారం పొద్దున ఇంటి పారను, గైంతిని, తట్టను, కొడవలిని మోసుకొచ్చాడు. లోపలికి తెచ్చేటప్పుడు వాచ్‌మన్ కన్నెత్తి చూడలేదు. ఈ గేటు పోయేవాటిని పడుతుంది గాని వచ్చేవాటిని పట్టదు. సాయంత్రం బర్నబా నాలుగింటినీ నిమిరి చూసి, “సూసినవా? దగ్గర పెట్టుకోని లేవంటివి,” అన్నాడు. ఎర్ర రంగు డబ్బా తీసి పార మీద తోట-1, గైంతి మీద తోట-2, తట్ట మీద తోట-3, కొడవలి మీద తోట-4 అని వేశాడు. ఆ తర్వాత అవి గేటు దాటలేదు.

సాయమ్మ నెత్తి కొట్టుకుంది. “నౌకరి నీకు దొరికిందా, మన పారకు దొరికిందా? దానికి నంబరన్న పడ్డది. నీకు అదీ లేదు.”

నారు పోశారు. నీళ్లకేం చెయ్యాలి? పోచయ్య అన్నం డబ్బా అడుగుకు మిషన్ షాపు ఫిట్టరుతో ముప్పై రెండు చిల్లులు పెట్టించుకున్నాడు. నీళ్లు చక్కగా చినుకుల్లాగే పడ్డాయి. పప్పు కూడా అలాగే పడింది. అందుకని రెండు నెలలు సాయమ్మ జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తప్ప మరొకటి కట్టలేదు. ప్రతి శనివారమూ సామాను అప్పజెప్పి పోచయ్య “సారూ, జారీ” అనడం, బర్నబా “అయింది” అనడం, ఏదో దండకంలా నడిచింది.

ఉగాది ముందు వారం బర్నబా ఇంట్లో ఆ మాట యథాలాపంగా ఎత్తాడు. “గా పోచయ్య ఒకటే పరేషాన్ చేస్తుండు. జారీ అయిందంటే మళ్ల జారీ అంటడు.”

భార్య లీలమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే అంది: “జారీ అంటే చెట్లకు నీళ్లు పోసే డబ్బా గదయ్యా. గది గూడ ఎరుక లేదా?”

బర్నబాకు తప్పు తెలిసింది. కాని దిద్దాలంటే రాసింది కొట్టెయ్యాలి. రెండు రోజులు ఆలోచించి, మూడోనాడు సంగారెడ్డి బజారుకు పోయి ఒక రేకు జారీ కొన్నాడు. తోట-5 అని రంగు వేశాడు. స్టోర్సులో పెట్టుకుని కూర్చున్నాడు. ఇవ్వాలంటే ఒక కాగితం ఉండాలి గదా.

ఉగాదినాటికి బంతి ఒళ్లు తెలియకుండా పూసింది. పోచయ్య పొద్దున్నే తలకు నూనె రాసుకుని వచ్చి చూసేసరికి తోటలో ఒక్క పువ్వు లేదు. ఛైర్మన్ గారికి దండ కావాలని మేనేజరే తెల్లవారకముందు అన్నీ కోయించాడు. మోకాళ్లదాకా వేలాడే దండ వేసుకుని ఛైర్మన్ పచ్చటి ఆకుల నడుమ నడిచి వచ్చి, హిందీలో అడిగాడు, పూల తోట ఏదీ అని.

మేనేజరు పోచయ్య వంక చూశాడు. పోచయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

“ఆప్ పెహనే సో వహీచ్ హై సాబ్.” మీరు వేసుకున్నదే అయ్యా.

ఛైర్మన్ దండ వంక చూసుకుని, దండ ఊడేలా నవ్వాడు. మేనేజరు ప్రాణం లేచివచ్చి, అక్కడికక్కడే చీటీ రాసి, సామానుతోపాటు మనుషుల పేర్లూ ఎక్కించుకునే బర్నబాకు పంపాడు: “మాలి పోచయ్య. పర్మనెంటు ఆర్డరు. వెంటనే జారీ.”

బర్నబా కళ్లకు ఆ చివరి మాటే కనిపించింది. వారం రోజుల బరువు దిగిపోయింది. రిజిస్టరు తీసి చీటీలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించి, రేకు జారీ తెచ్చి పోచయ్య చేతిలో పెట్టాడు. “తీస్కపో. ఇగ నన్ను అడుగకు.”

పక్క నుంచి మేనేజరు పోతూ పోతూ కేకేశాడు. “ఏమయ్యా, జారీ అయిందా?”

పోచయ్య దాన్ని పైకెత్తి చూపించాడు. “అయింది సార్!”

ఆర్డరు ఎవరూ టైపు చెయ్యలేదు. ఎవరూ అడగనూ లేదు. రిజిస్టరులో ఉంది కాబట్టి పోచయ్య పర్మనెంటు.

ఐదేళ్లకు ముకుంద్ అనే కొత్త మేనేజరు వచ్చాడు. కాగితం లేనివాళ్లను ఏరి పంపుతున్నాడని తెలిసి పోచయ్య అన్నం ముట్టలేదు. వంతు రాగానే చేతిలో జారీతోనే లోపలికి పోయాడు.

“ఆర్డరు కాపీ?”

“నాకు జారీ అయింది గిదే సార్.”

ముకుంద్ డబ్బాను చూశాడు. మనిషిని చూశాడు. బర్నబాను పిలిపించాడు. ఆయన రిజిస్టరు తెరిచి వేలు పెట్టాడు. “పర్మనెంటు ఆర్డరు, జారీ. నా చేతిరాత సార్.”

“మరి ఇతని నంబరెంత?”

ఆ గడి ఖాళీగా ఉంది. బర్నబా జారీ మీద ఎర్రరంగు అక్షరాలు చూసి, తేటగా ఎక్కించాడు: తోట-5.

పోచయ్య గేటు పాసు మీదా అదే పడింది. సాయమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, “మన పారకు తమ్మునివైనవు, పో,” అంది.

ఆ శనివారం సాయంత్రం ఎప్పటిలాగే సామాను వరసగా పరిచి పెట్టాడు. బర్నబా వేలితో లెక్క పెట్టుకుంటూ వచ్చాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. జారీని పోచయ్య బావి దగ్గరే మరిచిపోయినట్టున్నాడు.

“ఐదోది ఏదీ?”

“నేనున్న గద సారూ,” అన్నాడు పోచయ్య, కొడవలి పక్కన సర్దుకుని నిలబడి.

బర్నబా రాసుకున్నాడు.