సీసా మీద అరచెయ్యి

నిరుడు కార్తీకంలో రెండో బుధవారం, పొద్దున్న పదిగంటలకి, మూడో నెల కడుపుతో ఉన్న నా కూతుర్ని నేనూ, వియ్యపురాలూ పెద్దాపురంలో ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. అడిగినదానికి నిజం చెప్పేదాకా కషాయం సీసా మీంచి అరచెయ్యి తియ్యని మనిషాయన.

“థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నావా అమ్మా?” అని అడిగారు.

పిల్ల అత్తగారి వైపు చూసింది.

“పథ్యమని నేనే మాన్పించానండి. కషాయముండగా ఇంగ్లీషు మందెందుకూ?” అంది వియ్యపురాలు. ఆవిడకి తెలియనిదంటూ లేదు.

నిజం తెలిసినా అరచెయ్యి కదల్లేదు. “కడుపులో బిడ్డ ఎదగాలంటే ఆ మాత్ర మానకూడదండి. ఇవాళే రక్తపరీక్ష చేయించి, లేడీ డాక్టరుకి చూపించండి.”

“మందివ్వని వైద్యుడేంటండీ? మేం కాకినాడ పోతాం!”

“పోండమ్మా. మాత్ర వేసుకుని మరీ పోండి.”

సీసా బీరువాలో పెట్టేశారు. నేను పిల్లని ఆసుపత్రికి నడిపించాను.

ఆ రోజు అక్కడున్నది ఆయన, నేను, నా కూతురు సత్యవతి, వియ్యపురాలు కాంతం, ఇప్పుడు నా కళ్లజోడు లాక్కుంటున్న మనవరాలు.