అసిరయ్య రాయి

భావనపాడులో అసిరయ్య అంత అనుమానం మనిషి మరొకడు లేడు. సూర్యుడు రోజూ తూర్పునే ఉదయిస్తున్నాడంటే అందులో ఏదో మతలబు ఉందంటాడు. ఒకసారి పడవ వెనకే వస్తున్న చందమామను తప్పించడానికి ఒడ్డు చేరేదాకా దాన్ని వంకర్లు తిప్పాడని ఊరంతా చెప్పింది నేనే. ఎవరూ కాదనలేదు.

ఇంత అనుమానానికి కారణం సముద్రం అడుగున ఉన్న ఒక రాతిగుట్ట. మిగతా పడవలు ఖాళీగా తిరిగొచ్చిన రోజున కూడా అక్కడ చేప దొరుకుతుంది. ఒడ్డున రెండు చెట్ల నడుమకు మహేంద్రగిరి శిఖరం వస్తే పడవ సరిగ్గా దాని మీద ఉన్నట్టు. ఏ చెట్లో అతని భార్య చిన్నమ్మికి కూడా తెలియదు. నాకు చెప్పాడు గానీ, చెప్పింది నిజమేనా అని నాకే అనుమానం.

కిందటేడు నందిగాం అమ్మాయి భానుప్రియ వచ్చింది. విశాఖపట్నంలో పరిశోధన చేస్తోంది. రాళ్లను పట్టుకుని పెరిగే స్పాంజి అనే సముద్రజీవి వలలో పడితే ఇవ్వమంది. స్పాంజికి కదలడం రాదు, కరవడం రాదు. దాని ఒంట్లో కాపురముండే బాక్టీరియా కొన్ని, ఇతర క్రిములను చంపే పదార్థాలు తయారుచేస్తాయి. మామూలు మందులకు లొంగని పుండ్లకు వాటిలోంచి మందు దొరుకుతుందేమోనని ఆమె వెతుకులాట.

"ఎక్కడ దొరికిందో కూడా చెప్పాలి మావయ్యా."

"అదేటికమ్మా? మందు స్పాంజిలో ఉన్నాదా, సోటులో ఉన్నాదా?"

ఉద్దానంలో ఈ అనుమానం అతనొక్కడిదే కాదు. ఇక్కడి కిడ్నీ జబ్బుకు కారణం వెతుకుతామని రక్తం తీసుకెళ్లినవాళ్లు, బావినీళ్లు సీసాల్లో పట్టుకెళ్లినవాళ్లు చాలామంది. ఏం తేలిందో చెప్పడానికి తిరిగొచ్చినవాళ్లు తక్కువ. అసిరయ్య పసుపుపచ్చ స్పాంజి ఒకటి ఇచ్చి, చోటు మాత్రం దక్షిణాన ఉత్త ఇసుక ఉన్న వైపు చెప్పాడు.

మొన్న శీతాకాలంలో ఆమె మళ్లీ వచ్చింది. ఆ స్పాంజిలోని ఒక బాక్టీరియా బాగా పనిచేసిందట. కానీ ల్యాబులో ఫ్రీజరు చెడిపోయి అది చచ్చిపోయింది. మరో స్పాంజి కోసం అతను చెప్పిన చోటికి వెళ్లి చూస్తే అంతా ఇసుకే.

"ఎవుడి పడవలో ఎల్లినావు?"

"సోములుగారి పడవలో. రేపు ఉత్తరం వైపు కూడా వెతుకుదామన్నారు."

అసిరయ్య చేతిలోంచి వల జారింది. రాయి ఉన్నది ఉత్తరానే. సోములుకు దాని మీద ఎప్పట్నుంచో కన్ను.

చిన్నమ్మి ఎండుచేపలు తిరగేస్తూ నవ్వింది. "నువ్వు సెప్పిన అబద్దమే సోముల్ని నీ రాయికాడికి తోలుకొత్తంది. ఇప్పుడేటి సేత్తావు?"

మర్నాడు తెల్లవారగానే భానుప్రియను అతనే పడవెక్కించుకున్నాడు. ఆమె ఫోను చిన్నమ్మి దగ్గర పెట్టించాడు. ఒడ్డుకు వీపు పెట్టి తూర్పుకే చూస్తూ కూర్చోమన్నాడు.

"తల తిప్పినావంటే పడవ తిప్పేత్తాను."

"మెడ పట్టేసింది మావయ్యా."

"మంచిదే. అలాగే ఉండు."

స్పాంజి దొరికింది. సముద్రపు నీళ్లతో సహా దాన్ని ఐస్‌బాక్సులో పెట్టుకుంది. బాక్టీరియాను వేరుచేస్తే ల్యాబులోనే ఉప్పునీటి రసంలో పెంచుకోవచ్చని, ఇక రాయితో పని ఉండదని చెప్పింది.

"అయితే మల్లీ రావన్నమాట."

"వస్తాను. ఏం తేలిందో చెప్పాలిగా."

అతను నమ్మలేదు.

వచ్చింది. ఫోనులో ఒక ఫొటో చూపించింది. గుండ్రటి పళ్లెం నిండా మంచులా పరుచుకున్న క్రిములు, మధ్యలో ఒక చుక్క, చుక్క చుట్టూ ఖాళీ. అసిరయ్య ముఖం మాడిపోయింది.

"ఇది నా రాయి మాపు కాదూ? ఉత్తరం ఏ పక్క?"

"మాపు కాదు మావయ్యా. చుక్కలో ఉన్నది మీ స్పాంజి బాక్టీరియా చేసిన పదార్థం. దాని దరిదాపులకు వేరే క్రిమి రాలేకపోయింది. మందు కావాలంటే ఇంకా చాలా ఏళ్లు పడుతుంది."

"మద్దినున్నోడు ఎవుల్నీ దగ్గిరికి రానీడా?"

"రానీడు."

చిన్నమ్మి తొంగిచూసి, "నీ మేనల్లుడు లాగున్నాడు" అంది.

అసిరయ్య ఆ చుక్కను చాలాసేపు చూశాడు. మీసం కింద నవ్వు వచ్చింది గానీ బయటికి రానివ్వలేదు.

"బాగుంది. గానీ సెరిపేసి ఎల్లు" అన్నాడు. "నీ బస్సు సోములు ఇంటి ముందే కదా ఆగేది."